క్రొవ్వు: ఇంధనము నుండి జీవకణపు సరిహద్దు వరకు

నూనె, నెయ్యి, వెన్న, మైనము మానవునకు అనాదిగా పరిచితములైన వస్తువులు. దీపమునకు చమురుగా, వంటకు నూనెగా, తలంటునకు, బండి ఇరుసునకు కందెనగా వీనిని వాడుట తరతరములుగా వచ్చుచున్నదే. అయినను ఇవి దేనితో నిర్మితములైనవో, ప్రాణుల దేహములలో ఏ పని చేయునో తెలియ నారంభించి రెండు వందల సంవత్సరములకు కొంచెము పైగా మాత్రమే అయినది.

19వ శతాబ్దమున పెక్కుమంది శాస్త్రజ్ఞుల దృష్టిలో క్రొవ్వు, దేహమునందు దాచియుంచిన కట్టెలమోపు వంటిది. అవసరమైనపుడు అది మండి వేడిని, శక్తిని ఇచ్చును. అంతకు మించి దానికి పని లేదని భావించిరి. జీవమునకు మూలము మాంసకృత్తులేయని వారి నమ్మకము. ఈ అభిప్రాయము మారుటకు నూరేండ్లకు పైగా పట్టినది. జీవకణమునకు లోపల, వెలుపల అను భేదమును కల్పించునది క్రొవ్వు జాతి పదార్థమేయని నేడు తెలియుచున్నది. ఈ మార్పు ఒక్కనాటిలో వచ్చినది కాదు. సబ్బు, గ్రుడ్డుసొన, మెదడు, మడుగు నీటిపై తేలు నూనె మున్నగు సామాన్య వస్తువులను శ్రద్ధతో పరీక్షించినవారి కృషి ఫలితమది.

ఈ జాతి పదార్థములన్నింటిని కలిపి లిపిడ్లు అందురు. గ్రీకు భాషలో లిపోస్ అనగా క్రొవ్వు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాబ్రియేల్ బెర్ట్రాండ్ 1923లో ఈ పేరును ప్రతిపాదించెను. పిండిపదార్థములను, మాంసకృత్తులను వాని అణునిర్మాణమును బట్టి గుర్తింతురు. లిపిడ్లనో, వాని ప్రవర్తనను బట్టి గుర్తింతురు. అవి నీటిలో కరగవు. ఈథరు, క్లోరోఫారము, బెంజీను వంటి ద్రవములలో కరుగును. కనుకనే ఈ కుటుంబమున పరస్పరము పోలిక లేని నిర్మాణములు గల పదార్థములు చేరియున్నవి.

సబ్బు తెలిపిన రహస్యము

1779లో స్వీడను దేశపు ఔషధ శాస్త్రజ్ఞుడు కార్ల్ విల్హెల్మ్ షీలే, ఆలివ్ నూనెను సీసపు ఆక్సైడుతో కలిపి వేడిచేయగా తీపి రుచిగల చిక్కని ద్రవమొకటి లభించెను. నూనెనుండి తీపి పదార్థము ఎట్లు వచ్చినదో ఆనాడు ఎవరికిని బోధపడలేదు. ఆ చిక్కును విప్పినవాడు ఫ్రాన్సు దేశస్థుడగు మిషెల్ యూజీన్ షెవ్రూల్ (1786–1889).

షెవ్రూల్ 1811లో పందిక్రొవ్వుతో చేసిన ఒక సబ్బును పరీక్షింప మొదలిడెను. సబ్బు ద్రావణమునుండి ముత్యమువలె మెరయు పదార్థమొకటి వేరుపడినది. దానిపై ఆమ్లముచే చర్య జరుపగా, నీటిలో కరగకపోయినను ఆమ్ల లక్షణములు గల స్ఫటికములు లభించెను. క్రొవ్వునుండి ఆమ్లము వచ్చుట విచిత్రముగా తోచినది. అప్పటినుండి ఆయన పండ్రెండేండ్లు వివిధ జంతువుల క్రొవ్వులను పరీక్షించి, స్టియరిక్, ఓలియిక్, బ్యుటిరిక్ మొదలగు ఆమ్లములను వేరుచేసి, 1823లో తన పరిశోధనలను గ్రంథముగా ప్రకటించెను. షీలే కనుగొన్న తీపి ద్రవమునకు గ్లిసరిన్ అను పేరు పెట్టినవాడును ఆయనయే. ఒక పదార్థము శుద్ధమైనదా, మిశ్రమమా అని తేల్చుటకు దాని ద్రవీభవన స్థానమును ఆయన గీటురాయిగా ఉపయోగించెను. నేటికిని పాఠశాలలలో విద్యార్థులు ఆ పద్ధతినే నేర్చుకొనుచున్నారు.

ఆయన తూకమును బట్టి చేసిన ఊహ మరింత గొప్పది. 100 గ్రాముల స్టియరిన్ అను క్రొవ్వును క్షారముచే విడగొట్టినచో సుమారు 96 గ్రాముల క్రొవ్వు ఆమ్లము, 10 గ్రాముల గ్లిసరిన్ వచ్చును. మొత్తము 106 గ్రాములు! అధికముగా వచ్చిన 6 గ్రాములు ఎక్కడివి? అవి నీటివి. క్రొవ్వు విడిపోవునపుడు నీటి అంశములు వచ్చి చేరుచున్నవి. అనగా క్రొవ్వు ఏర్పడునపుడు గ్లిసరిన్, ఆమ్లము కలిసి నీటిని వదలివేయునన్నమాట. 1854లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మార్సెలిన్ బెర్తెలో ఈ రెంటిని మూసిన గొట్టములలో కలిపి వేడిచేసి క్రొవ్వును కృత్రిమముగా తయారుచేసెను. గ్లిసరిన్ అణువు ఒక్కొక్కటి మూడు ఆమ్లపు అణువులను పట్టుకొనగలదని తేలినది. క్రొవ్వు అణువును మూడు పొడవైన మొనలుగల త్రిశూలముతో పోల్చవచ్చును. పిడి గ్లిసరిన్, మొనలు క్రొవ్వు ఆమ్లములు. దీనినే నేడు ట్రైగ్లిసరైడ్ అనుచున్నారు.

చలికాలమున నెయ్యి, కొబ్బరినూనె పేరుకొనును, నువ్వులనూనె పేరుకొనదు. కారణము ఈ మొనలలోనే ఉన్నది. స్టియరిక్ ఆమ్లములో 18 కర్బన పరమాణువులు ఏకబంధములతో వరుసగా కలిసియుండును. అట్టి తిన్నని గొలుసులు కట్టెలు పేర్చినట్లు దగ్గరగా ఇమిడి గడ్డకట్టును. ఇవి సంతృప్త ఆమ్లములు. ఓలియిక్ ఆమ్లములోను 18 కర్బన పరమాణువులే ఉన్నను, నడుమనొక ద్విబంధము వలన గొలుసు వంగియుండును. వంకర కట్టెలు మోపుగా ఇమడవు గదా! కనుక అసంతృప్త ఆమ్లములు హెచ్చుగాగల నూనెలు ద్రవములుగా నిలుచును. ద్విబంధములకు ఉదజనిని చేర్చి నూనెను గట్టిపరచు పద్ధతికి జర్మనీలో విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంటు పొందెను. వనస్పతి పరిశ్రమ దానినుండి పుట్టినదే.

ఈ ట్రైగ్లిసరైడ్లు నిజముగనే మంచి ఇంధనము. ఒక గ్రాము పిండిపదార్థము సుమారు 4 కిలోకేలరీల శక్తినిచ్చునపుడు, ఒక గ్రాము క్రొవ్వు 9 కిలోకేలరీలనిచ్చును. పైగా ఇది నీటిని పట్టియుంచక తక్కువ చోటున నిలువయుండును. విత్తనములోని నూనె మొలకకు దారిబత్తెము. ఒంటె మూపురమందలి క్రొవ్వు కరవుకాలపు నిధి. తిమింగలపు చర్మము క్రింది క్రొవ్వు చలినుండి రక్షణ. ఈ గుణములే శాస్త్రజ్ఞుల దృష్టిని చాలకాలము ఇతర విషయములపైకి పోనీయలేదు.

గ్రుడ్డుసొనలోని భాస్వరము

1840 తరువాత పారిస్ నగరపు ఔషధ శాస్త్రజ్ఞుడు తియొడోర్ గోబ్లే కోడిగ్రుడ్డు పచ్చసొనను పరీక్షించెను. అందలి క్రొవ్వులో గ్లిసరిన్, క్రొవ్వు ఆమ్లములతోపాటు భాస్వరము కూడ ఉన్నట్లు ఆయన కనుగొనెను. గ్రీకు భాషలో పచ్చసొనకు గల పేరునుబట్టి 1850లో దానికి లెసిథిన్ అని పేరిడెను. మెదడులోని క్రొవ్వునందు భాస్వరము ఉన్నదని అంతకుముందే ఫ్రాన్సు దేశమున వోక్లాన్ గమనించియుండెను.

లెసిథిన్ నిర్మాణము తరువాతి కాలమున స్పష్టమైనది. త్రిశూలమందలి ఒక మొనకు బదులు భాస్వరము, నత్రజని గల ఒక భాగము చేరియుండును. ఆ భాగము విద్యుదావేశము కలది, నీటిని ప్రేమించును. మిగిలిన రెండు మొనలు నీటిని ఒల్లవు. ఇట్లు ఒకే అణువునకు రెండు స్వభావములు అబ్బినవి: తల నీటివైపు, తోకలు నీటికి దూరముగా. ఇట్టి అణువులను ఫాస్ఫోలిపిడ్లు అందురు. ఈ చిన్న భేదములో ఎంత అర్థమున్నదో గోబ్లే కాలమున ఎవరికిని తెలియదు.

మెదడు రసాయనము: థుడికుం ఒంటరి పోరాటము

యోహాన్ లుడ్విగ్ విల్హెల్మ్ థుడికుం 1829లో జర్మనీలో జన్మించి, సుప్రసిద్ధుడగు లీబిగ్ వద్ద రసాయన శాస్త్రమభ్యసించి, 1853లో లండను చేరి వైద్యవృత్తి నవలంబించెను. మెదడు వ్యాధులకు కారణము తెలియవలెనన్న, ముందు ఆరోగ్యముగల మెదడు దేనితో నిర్మితమైనదో తెలియవలెనని ఆయన దృఢ విశ్వాసము.

ఆనాటి ప్రముఖుల అభిప్రాయము వేరు. 1865లో జర్మనీలో ఆస్కార్ లీబ్రైష్ మెదడునుండి ప్రోటగాన్ అను పదార్థమును తీసి, మెదడులోని ముఖ్య పదార్థము అదియేయని ప్రకటించెను. థుడికుం అది ఒక పదార్థము కాదు, పెక్కింటి మిశ్రమమనెను. మెదడు పదార్థమును వేరువేరు ద్రవములలో కరగించి, పేర్చి, మరల కరగించి, సెఫలిన్, సెరెబ్రోసైడ్, స్ఫింగోమైలిన్ మొదలగు పదార్థములను ఒకటొకటిగా వేరుచేసెను. వీనిలో కొన్నింటికి గ్లిసరిన్ కాక, అంతవరకు తెలియని మరొక పదార్థము మూలాధారమై యున్నది. దాని స్వభావము అంతుపట్టనందున, గ్రీకు పురాణములలో చిక్కుప్రశ్నలు వేయు స్ఫింక్స్ పేర దానిని స్ఫింగోసిన్ అనెను. 1884లో ఈ ఫలితములన్నింటిని గ్రంథముగా వెలువరించెను.

శాస్త్రలోకమున దానికి ఆదరణ లభింపలేదు. ప్రోటగాన్ పక్షమువారు పలుకుబడి గలవారు. థుడికుం చెప్పిన పదార్థములు ప్రయోగశాలలో చెడిపోగా ఏర్పడినవేయని కొందరు, ఆయన పని నమ్మదగినది కాదని కొందరు ఆక్షేపించిరి. ప్రభుత్వ ద్రవ్యసహాయము నిలిచిపోయినను ఆయన తన ఇంటియందలి ప్రయోగశాలలో పరిశోధన సాగించి, 1901లో మరణించెను. తరువాత పది సంవత్సరములలోపుననే ప్రోటగాన్ మిశ్రమమేయని ఇంగ్లండులో తేలిపోయినది. 1947లో అమెరికా శాస్త్రజ్ఞుడు హెర్బర్ట్ కార్టర్ స్ఫింగోసిన్ నిర్మాణమును సరిగా నిర్ణయించెను.

ఈ వివాదము పదార్థముల పేర్లకు సంబంధించినది మాత్రము కాదు. నాడీతంతువులను చుట్టియుండు మైలిన్ తొడుగు ఎండు బరువులో నూటికి 70 పాళ్లకు పైగా లిపిడ్లే. విద్యుత్తీగకు రబ్బరు తొడుగువలె అది పనిచేయును. స్ఫింగోసిన్ జాతి లిపిడ్లను విడగొట్టు ఎంజైము పుట్టుకతో లోపించిన శిశువులలో అవి పేరుకొని టే–శాక్స్, గోషే మొదలగు వ్యాధులు కలుగును. గోషే వ్యాధికి కారణమైన ఎంజైము లోపమును 1965లో రాస్కో బ్రాడీ కనుగొనెను. ఆ ఎంజైమును బయటినుండి ఇచ్చు చికిత్సకు 1991లో అమెరికాలో అనుమతి లభించినది. నాడు నిజము కావని త్రోసివేసిన పదార్థములు నేడు పసిపిల్లల ప్రాణరక్షణకు సంబంధించినవైనవి.

మడుగుపై నూనె, కణముపై పొర

1890 తరువాత జ్యూరిచ్ నగరమున చార్ల్స్ ఎర్నెస్ట్ ఓవర్టన్ మొక్కల వేరుకేశములలోనికి ఏయే పదార్థములు ప్రవేశించునో పరీక్షించుచుండెను. నీటిలో కరుగునవి సులభముగా ప్రవేశించునని తలపవచ్చును. కాని వందలకొలది పదార్థములను పరీక్షింపగా, నూనెలో కరుగునవియే త్వరగా లోనికి పోవునని తేలినది. కణపు పైభాగమున లెసిథిన్, కొలెస్టరాల్ వంటి పదార్థమేదో వ్యాపించియుండవలెనని ఓవర్టన్ ఊహించెను. అయితే ఆ పొర మందమెంత? అది ఎట్లు అమరియున్నది?

దీనికి సమాధానము నీటిపై నూనెను పరచువారినుండి వచ్చెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండనులోని క్లాఫం మడుగుపై చెంచాకు మించని నూనె పోయగా, అది సుమారు అర ఎకరము వ్యాపించి అలలను అణచివేసెనని 1774లో ప్రకటించెను. ఆయన పొర మందమును లెక్కింపలేదు గాని, విద్యార్థులు లెక్కింపవచ్చును. చెంచాలో 2 ఘన సెంటీమీటర్ల నూనె పట్టుననుకొందము. అర ఎకరమనగా సుమారు 2,000 చదరపు మీటర్లు. ఘనపరిమాణమును వైశాల్యముచే భాగింపగా మందము ఒక నానోమీటరు, అనగా మిల్లీమీటరులో పది లక్షలవ వంతు వచ్చును. ఇది ఇంచుమించుగా ఒక అణువు మందము!

జర్మనీలో ఆగ్నెస్ పాకెల్స్ విశ్వవిద్యాలయమున చదువక, ఇంటియందే తొట్టెలో నీటి ఉపరితలముపై నూనె పొరలను కొలుచు పద్ధతిని రూపొందించెను. ఆమె వ్రాసిన లేఖను రేలే ప్రభువు 1891లో నేచర్ పత్రికలో ప్రకటింపజేసెను. 1917లో అమెరికాలో ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఆ మార్గమునే పెంపొందించి, క్రొవ్వు ఆమ్లముల అణువులు నీటిపై తలలు క్రిందుగా, తోకలు పైకిగా ఒకే వరుసలో నిలుచునని చూపెను.

1925లో హాలండులోని లైడెన్ నగరమున శిశువైద్యుడగు ఎవర్ట్ గోర్టర్, ఆయన సహాయకుడు గ్రెండెల్ ఈ తొట్టెను రక్తమునకు అన్వయించిరి. ఎర్ర రక్తకణములలో లోపల పొరలు లేవు. ఉన్న లిపిడ్లన్నియు పైపొరవే. లెక్కించిన కణములనుండి వారు ఎసిటోన్ సహాయమున లిపిడ్లను తీసి నీటిపై పరచిరి. ఆ పొర వైశాల్యము కణముల ఉపరితలమునకు రెండింతలు వచ్చినది. కనుక కణమును చుట్టినది రెండు వరుసల పొరయని వారు నిర్ణయించిరి. రెండు వరుసలలోను తలలు నీటివైపు, తోకలు లోపల ఒకదానికొకటి ఎదురుగా ఉండును. గోబ్లే కనుగొన్న లెసిథిన్ యొక్క ద్విస్వభావమునకు అర్థము ఇప్పుడు తెలిసినది.

వారి లెక్కలో రెండు పొరపాట్లు ఉన్నవి. ఎసిటోన్ లిపిడ్లన్నింటిని తీయలేకపోయినది. కణముల ఉపరితలమును కూడ వారు తక్కువగా అంచనా వేసిరి. ఈ రెండును ఇంచుమించు సమానమై ఒకదానినొకటి సరిచేసినవి. ఇది 1966లో వెల్లడియైనది. అయినను రెండు వరుసలను గూర్చిన వారి నిర్ణయము తరువాతి పరీక్షలన్నింటికిని నిలిచినది.

ఆ 1925లోనే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునుండి లిపిడ్ పరిశోధనకు మరొక సాధనము లభించినది. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి, భాస్వరమును రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఫాస్ఫేటునకు మాలిబ్డేటును చేర్చి క్షయకరణము చేసినచో నీలిరంగు వచ్చును. రంగు ఎంత గాఢమైనచో భాస్వరమంత హెచ్చు. ఫాస్ఫోలిపిడ్‌ను ఆమ్లముచే పూర్తిగా విడగొట్టి, వచ్చిన ఫాస్ఫేటును ఈ విధముగ కొలిచి, మొదట ఎంత లిపిడ్ ఉన్నదో చెప్పవచ్చును. స్వల్ప మార్పులతో ఆ పద్ధతి నేటికిని ప్రయోగశాలలలో వాడుకలో ఉన్నది.

మండునది, మండిపోరానిది

క్రొవ్వు దేహములో ఎట్లు మండును? 1904లో జర్మనీలో ఫ్రాంజ్ క్నూప్ తెలివైన ఉపాయము పన్నెను. క్రొవ్వు ఆమ్లపు గొలుసు చివర, దేహము దహింపలేని బెంజీను వలయమును గుర్తుగా తగిలించి కుక్కలకు తినిపించి, వాని మూత్రమును పరీక్షించెను. గొలుసులో కర్బనముల సంఖ్య బేసియైనపుడు ఒక పదార్థము, సరియైనపుడు మరొకటి లభించెను. అనగా గొలుసు రెండేసి కర్బనముల వంతున తెగుచున్నది. 16 కర్బనములుగల పామిటిక్ ఆమ్లము ఎనిమిది ముక్కలగును. ఈ పని కణములందలి మైటోకాండ్రియాలలో జరుగునని 1949 నాటికి యూజీన్ కెనడీ, ఆల్బర్ట్ లేనింజర్ నిరూపించిరి.

క్రొవ్వంతయు ఇంధనమే యన్న వాదమునకు పెద్ద దెబ్బ 1929లో తగిలినది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున జార్జి బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు బొత్తిగా లేని ఆహారమిచ్చిరి. విటమినులకు, శక్తికి లోటు లేదు. అయినను వాని పెరుగుదల ఆగి, తోకపై పొలుసులు లేచి, మూత్రపిండములు చెడి మరణించినవి. కొద్దిపాటి లినోలియిక్ ఆమ్లమును ఆహారమున చేర్చగా వ్యాధి కుదిరినది. దేహము తనంతట చేసికొనలేని ఇట్టివానిని ఆవశ్యక క్రొవ్వు ఆమ్లములు అనిరి. లినోలియిక్ ఆమ్లము దేహములో అరాకిడోనిక్ ఆమ్లముగా మారి, దానినుండి ప్రోస్టాగ్లాండినులు పుట్టును. నొప్పి, జ్వరము, వాపు వీని ప్రభావమే. ఆస్పిరిన్ వీని ఉత్పత్తిని ఆపుట ద్వారా పనిచేయునని 1971లో జాన్ వేన్ చూపెను. లిపిడ్ వార్తాహరుడు కూడనని ఇట్లు తేలినది.

కొలెస్టరాల్

పిత్తాశయపు రాళ్లలో లభించు తెల్లని స్ఫటికములకు షెవ్రూల్ కొలెస్టరిన్ అని పేరిడెను. ఇది గ్లిసరిన్ లేని లిపిడ్. నాలుగు కర్బన వలయములు కూడినది. దీని నిర్మాణ పరిశోధనకు వీలాండ్ 1927 సంవత్సరపు నోబెల్ బహుమతిని, విండౌస్ 1928 సంవత్సరపు బహుమతిని పొందిరి. అయినను వారి నిర్మాణ చిత్రము సరిగా లేదని బెర్నాల్ ఎక్స్‌రే పరీక్షలవలన తెలిసి, 1932లో దానిని సరిదిద్దిరి. ఇందలి 27 కర్బనములును ఎసిటేటు అను రెండు కర్బనముల చిన్న ముక్కనుండియే వచ్చునని కాన్‌రాడ్ బ్లాక్ తదితరులు కనుగొనిరి. బ్లాక్, లీనెన్‌లకు 1964లో నోబెల్ బహుమతి లభించెను.

కొలెస్టరాల్ పేరు వినగనే భయపడువారు కలరు. అది లేనిదే దేహము నిలువదు. కణత్వచమునకు తగిన బిగువునిచ్చునది అదియే. పైత్యరసపు ఆమ్లములు, స్త్రీపురుష హార్మోనులు దానినుండి ఏర్పడును. విటమిన్ డి దాని పూర్వపదార్థమునుండి చర్మమున ఎండవలన తయారగును. హాని కలుగునది రక్తమున అది మితిమీరినపుడు. రక్తములో దానిని మోయు ఎల్‌డీఎల్ కణికలను గ్రహించు గ్రాహకములు కణములపై ఉన్నవని, అవి లోపించినవారికి చిన్న వయస్సుననే గుండెజబ్బు వచ్చునని మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టైన్ కనుగొని 1985లో నోబెల్ బహుమతి పొందిరి.

కదలుచుండు సరిహద్దు

రెండు వరుసల పొర గోడవలె కదలక ఉండునని చాలకాలము తలచిరి. 1970లో ఫ్రై, ఎడిడిన్ అను శాస్త్రజ్ఞులు మనిషి కణమును, ఎలుక కణమును కలిపివేసి, వాని పైనున్న మాంసకృత్తులకు వేరువేరు రంగులు వేసిరి. దేహపు ఉష్ణోగ్రతలో 40 నిమిషములకే రంగులు కలిసిపోయెను. పొర ద్రవమువంటిదని తెలిసినది. 1972లో సింగర్, నికల్సన్ రూపొందించిన చిత్రమున లిపిడ్లు పలుచని సరస్సువలె వ్యాపించగా, మాంసకృత్తులు అందు తేలియాడుచుండును. పాఠ్యపుస్తకములలో నేడు కనిపించు కణత్వచపు బొమ్మ దీని రూపాంతరమే.

ఇంగ్లండులో అలెక్ బాంగ్‌హామ్ 1960 తరువాత ఫాస్ఫోలిపిడ్లను నీటిలో కలుపగా, అవి ఎవ్వరి ప్రమేయము లేకయే మూసుకొన్న బుడగలుగా మారెను. వీనిని లిపోసోములు అందురు. జీవకణపు సరిహద్దు ఏర్పడుటకు ప్రత్యేకమైన జీవశక్తి అక్కరలేదు. అణువుల ద్విస్వభావమే చాలును. ఈ బుడగలలో ఔషధములను నింపి రోగులకు ఇచ్చుచున్నారు. 2021లో కోవిడ్ రెండవ ఉధృతి అనంతరము మన దేశమున నల్లఫంగస్ రోగులకు వాడిన ఆంఫోటెరిసిన్ మందు ఇట్టిదే. 2020లో పలు దేశములలో వాడుకకు వచ్చిన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏ టీకాలలోను సందేశపు అణువును కణములోనికి చేర్చినది లిపిడ్ కణికయే.

లిపిడ్లు చేయు పనులను ఇప్పుడు వరుసగా చెప్పవచ్చును. ట్రైగ్లిసరైడ్లు శక్తిని నిలువచేయును. మైనములు ఆకులను, పక్షుల ఈకలను తడినుండి కాపాడును. ఫాస్ఫోలిపిడ్లు, స్ఫింగోలిపిడ్లు, కొలెస్టరాల్ కలిసి కణత్వచమును నిర్మించును. హార్మోనులు, ప్రోస్టాగ్లాండినులు వార్తలను చేరవేయును. నీటిలో కరగకపోవుట అను ఒక్క లోపమువంటి గుణమే వీనిలో చాలవానికి ఆధారము. జీవము నీటిలో పుట్టినది. నీటిలో కరగిపోవు వస్తువు నీటిలో తనకొక హద్దును గీచుకొనజాలదు. ఆ హద్దును గీచినది క్రొవ్వు జాతి పదార్థము. దీనిని గ్రహించుటకు తూకపు రాళ్లు, నీటితొట్టె, నీలిరంగు వంటి సామాన్య సాధనములు చాలినవి. నిందలకు వెరవక కొలతను నమ్మిన థుడికుం వంటివారి ఓర్పు వానికి తోడైనది.